గారించా అను ఆటగాని జీవితము

సికింద్రాబాదు చుట్టుపట్ల నున్నవారికి బంతి ఆట క్రొత్తది కాదు. పటాలములు ఇక్కడ దిగిన నాటినుండి తిరుమలగిరి, బొల్లారము మైదానములలో సోల్జర్లు ఆడుచుండగా గట్టున నిలిచి చూచి మన పిల్లలు నేర్చుకొనిరి. ఆ ప్రక్కనే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలకును, 1960లో రోమ్ పోటీలకును మన దేశము తరపున వెళ్లెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోల్సుతో ఓడించి ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చిన జట్టులో అతడును ఉండెను. ఆ జట్టుకు ఆట నేర్పినవాడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన అప్పటికే క్యాన్సరుతో బాధపడుచు, మరుసటి సంవత్సరము జూను నెలలో మరణించెను. బలరామ్ ఊపిరితిత్తుల జబ్బువలన 1963లోనే ఆట మానవలసి వచ్చినను, క్రమమైన జీవితము గడిపి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసెను.

ఆ జకార్తా ఆటకు రెండున్నర నెలల ముందు, జూను 17న, భూగోళమునకు ఆవలి వైపున చిలీ దేశపు రాజధాని శాంటియాగోలో ప్రపంచ కప్పు కడపటి ఆట జరిగెను. అందులో గెలిచిన బ్రెజిల్ జట్టునకు ప్రాణము వంటివాడు ఒకడుండెను. ఈ నెల మనము తలచుకొనబోవునది అతనినే. అతడు మన దేశస్థుడు కాడు, మన భాష ఎరుగడు. అయినను, పనిలో అందరికంటె నేర్పరియై, సాయంత్రమైతే దుకాణము ముందు కూలబడియుండు వానిని మీ ఊరిలో మీరు చూచియుందురు గనుక, ఇతని కథ మీకు వింతగా తోచదు.

అతని పూర్తి పేరు మనుయెల్ ఫ్రాన్సిస్కో దొస్ శాంతోస్. 1933 అక్టోబరులో, రియో డి జనీరో పట్టణమునకు ఉత్తరమున కొండల క్రిందనున్న పావు గ్రాండె అను మిల్లు ఊరిలో జన్మించెను. అక్కడ ఇండ్లు, వీధులు, బంతి మైదానము అన్నియు నూలు మిల్లువారివే. కుర్రవాడు బహు చిన్నగా నుండుట చూచి అతని అక్క ఆ దేశపు ఒక చిన్న పిట్ట పేరు పెట్టి గారించా అని పిలిచెను. ఆ పేరే లోకమంతట నిలిచెను. అతడు పుట్టుకతోనే అవిటివాడు. వెన్నెముక సరిగా లేదు. రెండు కాళ్లును ఒకే వైపునకు వంగియుండెను, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఎడమకాలు రెండవదానికంటె పొట్టి. అట్టి పిల్లవానిని చూచి ఇతడు కట్టె పట్టుకొని నడుచుటయే గొప్ప అనుకొందుము. దేవుడు ఇచ్చు వరములు మన లెక్కకు లొంగవు. ఆ వంకర కాళ్లే తరువాత ఎదుటివారిని మోసపుచ్చినవి. అతడు ఏ ప్రక్కకు కదలునో ఆ కాళ్లను చూచి పోల్చుకొనుట ఎవరి తరమును కాలేదు.

ఇక్కడ తల్లిదండ్రులు గమనింపదగిన మాట యొకటి యున్నది. ఆ ప్రాంతములో చెరకురసముతో కాచిన సారాయి దొరకును. దానిని కషాసా అందురు. అందులో తేనె, దాల్చినచెక్క కలిపి, జలుబుకు మంచిదని, బలము వచ్చునని పసిబిడ్డలకు పట్టు వాడుక ఉండెను. ఇతనికిని ఆలాగే పట్టిరని అతని చరిత్ర వ్రాసినవారు తెలిపియున్నారు. తండ్రి అమారో మిల్లులో కావలివాడు, గొప్ప త్రాగుబోతు. తండ్రి ప్రక్కన కూర్చుండి త్రాగుట కొడుకునకు తప్పుగా తోచలేదు. మన పల్లెలలో కూడ ఈతకల్లు చలువ చేయునని పిల్లల నోట చుక్క వేయు పెద్దలున్నారు. ప్రేమతోనే వేయుదురు. యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయములో రేకాబీయుల సంగతి చదువుడి. వారి పితరుడు ద్రాక్షారసము ముట్టవద్దని ఒక్కసారి ఆజ్ఞాపించగా, తరతరములు ఆ మాట నిలుపుకొనిరి. తండ్రి మాటకు అంత బలమున్నది. తండ్రి చేతిలోని గిన్నెకు కూడ అంతే బలమున్నది. అమారో 1959లో కాలేయపు క్యాన్సరుతో చనిపోయెను. అప్పటికి కొడుకు ప్రపంచమంతట పేరు పొందియుండెను, ఆ గిన్నె మాత్రము విడువలేదు.

పదునాలుగేండ్లకు గారించా మిల్లులో పనికి కుదిరెను. పనిలో మాత్రము సోమరి. మూటల నడుమ నిద్రపోవుచుండెనట. అయినను మిల్లు జట్టుకు అతడు కావలెను గనుక అధికారులు సహించిరి. మొదటినుండి అతని విషయములో జరిగినది ఇదే. ఆట బాగుగా ఆడినంత కాలము తక్కినదంతయు ఎవరో ఒకరు కప్పిపుచ్చిరి. యౌవనములోనే నాయిర్ అను మిల్లు పిల్లను వివాహమాడెను. వారికి క్రమముగా ఎనిమిదిమంది కుమార్తెలు పుట్టిరి.

1953లో రియోలోని బొటాఫొగో అను క్లబ్బువారు అతనిని పరీక్షించి చూచిరి. ఎదుట నిలువబెట్టినది బ్రెజిల్ దేశపు జట్టులో ఆడు నిల్టన్ శాంతోస్ అను ఆటగానిని. పల్లెటూరి కుంటివాడు బంతిని అతని కాళ్ల సందునుండి పోనిచ్చి దాటి వెళ్లెను. నిల్టన్ గొప్ప మనస్సు గలవాడు. అవమానము చెందక, వీనిని వెంటనే చేర్చుకొనుడి, వీనికి ఎదురుగా ఆడవలసిన గతి నాకు పట్టనీయకుడి అన్న అర్థముతో క్లబ్బువారికి చెప్పెను. ఆ నాటినుండి వారిద్దరు స్నేహితులైరి. చేరిన తరువాత మొదటి పోటీ ఆటలోనే గారించా మూడు గోల్సు వేసెను.

అతడు కుడి అంచున ఆడువాడు. అతని విద్య చూచుటకు ఒక్కటే. బంతి ముందు నిలిచి, ఎడమకు వంగినట్లు వంగి, కుడికి దూకి పోవును. ఎదుటివానికి ఆ సంగతి తెలియును, గట్టున నున్న పిల్లలకు కూడ తెలియును, అయినను ఆపలేరు. ఒక్కొక్కసారి దాటిపోయిన తరువాత ఆగి, పడినవాడు లేచి వచ్చువరకు వేచి, తిరిగి దాటును. జనులు పగలబడి నవ్వుదురు. తనకు ఎదురుగా ఆడు ప్రతివానిని అతడు జొవావ్ అని ఒకే పేరుతో పిలిచెడివాడని చెప్పుకొందురు. ఆ పేరు మన భాషలో యోహాను. అది గర్వము కాదు. ఎదుటివాడెవడో తెలిసికొనవలెనని అతనికి తోచలేదు, అంతే. ఆటకు ముందు శిక్షకుడు సుద్దతో పలకమీద గీతలు గీసి చెప్పుచుండగా ఇతని మనస్సు పావు గ్రాండెలోని పిట్టలమీద, చెరువుమీద ఉండెడిది.

1958లో స్వీడన్ దేశమున ప్రపంచ కప్పు పోటీలు జరిగెను. దారిలో ఇటలీలో ఒక స్నేహపు ఆటలో అతడు కాపుదారులను, గోలు కాపరిని కూడ దాటి, ఖాళీగా నున్న గోలు ముందు ఆగి, ఇంకొకడు వచ్చువరకు కాచుకొని, వానిని కూడ బోల్తా కొట్టించి తరువాత బంతిని లోపలికి పంపెను. ఇది బాధ్యతలేని పని అని పెద్దలు విసుగుకొనిరి. జట్టుతో వెళ్లిన మనస్తత్వ పరీక్షకుడు సయితము ఇతనికి తక్కువ మార్కులు వేసెను. మొదటి రెండు ఆటలలో అతనిని కూర్చుండబెట్టిరి. మూడవది రష్యావారితో, జూను 15న. ఆ దినము గారించా, పదునేడేండ్ల పీలే, ఇద్దరును బరిలోనికి దిగిరి. మొదటి నిమిషములోనే గారించా కొట్టిన బంతి గోలు కంబమునకు తగిలెను, వెంటనే పీలే కొట్టినదియు తగిలెను, మూడవ నిమిషములో వావా గోలు వేసెను. జూను 29న కడపటి ఆటలో స్వీడనును 5–2తో ఓడించి బ్రెజిల్ మొదటిసారి కప్పు గెలిచెను. మొదటి రెండు గోల్సు గారించా కుడి అంచునుండి తెచ్చి యిచ్చిన బంతులవలననే వచ్చెను. ఆ తరువాత పీలే, గారించా కలిసి ఆడిన ఏ ఆటలోను బ్రెజిల్ ఓడిపోలేదు.

నాలుగేండ్ల తరువాత చిలీలో రెండవ ఆటకే పీలేకు కండరము పట్టి కూర్చుండిపోయెను. దేశమంతయు దిగులుపడెను. అప్పుడు గారించా, ఇంతవరకు అంచున నుండి ఇతరులకు అందించినవాడు, మధ్యకు వచ్చి తానే కొట్టెను. ఇంగ్లండుపై రెండు గోల్సు, ఆతిథ్యమిచ్చిన చిలీవారిపై రెండు. ఇంగ్లండుతో ఆడుచుండగా ఒక కుక్క మైదానములోనికి వచ్చెను. అందరిని తప్పించుకొని పోవు గారించాను సయితము అది తప్పించుకొని పోయెను. కడకు జిమ్మీ గ్రీవ్స్ అను ఇంగ్లీషు ఆటగాడు నేలమీద ప్రాకి పట్టుకొనెను. తరువాత చీట్లు వేయగా ఆ కుక్క గారించాకే వచ్చెనట, అతడు దానిని ఇంటికి తీసికొనిపోయెను. చిలీతో ఆటలో, మాటిమాటికి తన్నులు తిని ఓర్వలేక తిరిగి తన్నగా, రిఫరీ బయటికి పంపెను. అయినను శిక్ష లేకుండ విడువగా, జూను 17న జ్వరముతోనే కడపటి ఆట ఆడెను. చెకోస్లొవేకియాపై బ్రెజిల్ 3–1తో గెలిచెను. ఆ పోటీలన్నిటిలోను శ్రేష్ఠుడు ఇతడే అని లోకము ఒప్పుకొనెను. వయస్సు ఇంకను 29 నిండలేదు.

అతని మంచి దినములు దాదాపుగా అక్కడితో సరి.

ఎందుకు పాడైపోయెను అని అడిగిన, సారాయి అని ఒక్క మాటలో చెప్పవచ్చును. అది నిజమే గాని చాలదు. మొదట డబ్బు సంగతి చూడుడి. ఖాళీ కాగితముమీద చేవ్రాలు చేసి యిచ్చుట అతని అలవాటు, అంకెలు క్లబ్బువారు తరువాత వేసికొనిరి. జనము ఎవరిని చూచుటకు వచ్చిరో వానికి, తనకంటె తక్కువ ఆటగాండ్రకంటె తక్కువ జీతము. వచ్చిన నోట్లు ఇంటిలో పరుపు క్రింద, బీరువాల వెనుక పడి పాడైపోయెనని చెప్పుదురు. ఇక మోకాలు. వంకర కాలిమీద అన్ని మలుపులు తిరుగుటచేత కీలు అరిగి నీరు పట్టెను. విశ్రాంతి యియ్యవలసినవారు సూది పొడిచి ఆడించిరి, ఏలయనగా గారించా లేనియెడల విదేశములలో క్లబ్బునకు ఇచ్చు సొమ్ము తగ్గును. 1964లో ఆపరేషను జరుగు వేళకు ఆలస్యమైపోయెను. నొప్పికి మందుగా త్రాగినవాడు, నొప్పి లేనప్పుడును త్రాగెను. పైగా ఏ ఊరికి పోయినను గారించా డబ్బిచ్చి త్రాగనక్కరలేదు. అతనికి ఒక గ్లాసు పోయించితినని చెప్పుకొనుటకు ప్రతివాడును ముందుకు వచ్చుచుండెను.

సంసోను కథ ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. న్యాయాధిపతుల గ్రంథము చదువు మనము దెలీలాను తిట్టి ఊరకుందుము. సంసోను బలము తమకు పనికివచ్చినంత కాలము అతని నడవడిని గూర్చి ఒక్కడైనను అతనితో కూర్చుండి మాటలాడెనా? ఆ అధ్యాయములలో నాకు అట్టివాడు కనబడలేదు.

గారించా జీవితములోను జనులు ఒక దెలీలాను వెదకి పట్టుకొనిరి. ఎల్జా సువారెస్ అను గాయని, మురికివాడలో పుట్టి, ఆకలి ఎరిగి, స్వశక్తితో పైకి వచ్చినది. 1962లో వారిద్దరికి స్నేహమై, అతడు భార్యను, ఎనిమిదిమంది ఆడపిల్లలను విడిచి ఆమెయొద్దకు పోయెను. అది పాపమే. దానిని మెత్తగా చెప్పుట తగదు. నాయిర్ పావు గ్రాండెలోనే పిల్లలతో కష్టపడి దినములు గడిపెను. అయితే జనులు రాళ్లు రువ్వినది ఎల్జా ఇంటిమీద, బెదిరింపు ఉత్తరములు వచ్చినది ఆమెకు. విడిచి వచ్చిన మగవానిని మాత్రము పాపము అమాయకుడనిరి. నిజమునకు అతనిచేత త్రాగుడు మాన్పించుటకు అందరికంటె ఎక్కువగా ప్రయాసపడినది ఆమెయే. ఒక్కొక్క సారాయి దుకాణమునకు స్వయముగా వెళ్లి, ఆయనకు పోయవద్దని బ్రతిమాలెను. వారు తల ఊపి, ఆమె వెళ్లిన తరువాత పోసిరి.

1966లో బొటాఫొగోవారు అతనిని సావో పావులో పట్టణములోని కొరింథియన్స్ అను క్లబ్బునకు అమ్మిరి. పౌలు పత్రికలు ఎరిగిన మన చదువరులకు ఆ పేరు చోద్యముగా నుండును గాని, 1910లో ఆ దేశమునకు వచ్చిన ఒక ఇంగ్లీషు జట్టు పేరే వారు పెట్టుకొనిరి. ఆ యేట ఇంగ్లండులో జరిగిన ప్రపంచ కప్పునకు కూడ, సగము కుంటుచున్నవానిని తీసికొనిపోయిరి. బల్గేరియాపై ఒక గోలు వేసెను. జూలై 15న హంగేరీతో 3–1తో ఓడిపోయిరి. దేశము తరపున అతడాడిన 50 ఆటలలో ఓడినది అదొక్కటే, అదే అతని కడపటిదియు నాయెను.

1969 ఏప్రిల్ నెలలో గారించా కారు నడుపుచుండగా అది ఒక లారీకి తగిలి, లోపలనున్న ఎల్జా తల్లి అక్కడికక్కడే మరణించెను. న్యాయస్థానము అతనిని దోషిగా తీర్చి, జైలుకు పంపక శిక్షను నిలిపియుంచెను. తల్లిని పోగొట్టుకొన్న ఎల్జా అతనిని విడువలేదు. అతడు ప్రాణము తీసికొనజూడగా కాపాడి, వెంటబెట్టుకొని ఇటలీకి వెళ్లి, పాటలు పాడి పోషించెను. 1973 డిసెంబరు 19న, అతనికి ఆధారము కల్పింపవలెనని రియోలోని మరకానా మైదానములో ఒక వీడ్కోలు ఆట ఏర్పరచగా, లక్షా ముప్పదివేలకు పైగా జనులు వచ్చిరి. ఆ డబ్బును నిలువలేదు. 1976లో ఎల్జాకు అతనివలన ఒక కుమారుడు కలిగెను. ఇంటిలో కొట్టుట ఎక్కువైపోగా, 1977లో ఆమె బిడ్డను తీసికొని వెళ్లిపోయెను.

త్రాగి భార్యను కొట్టు వానియొద్దనుండి ఆమె వెళ్లిపోవుట తప్పా అని కొందరు సహోదరీలు అడుగుదురు. తప్పు కాదని ఈ పత్రికలో వ్రాయుటకు మేము సంకోచింపము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణము మూయించినప్పుడు, ఇండ్లలో దాగియున్న ఈ సంగతే వీధిలోనికి వచ్చెను. 1995లో ఆంధ్ర రాష్ట్రములో మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. చట్టము వచ్చి పోవును, ఇల్లు అక్కడే యుండును.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. గారించాను ఎన్నోసార్లు ఆసుపత్రిలో చేర్చిరి, కొంచెము తేరుకొనగానే బయటికి వచ్చి తిరిగి త్రాగెను. మనస్సు లేక అని మనము సులభముగా అనుచున్నాము. వైద్యులు చెప్పునది వేరు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగు శరీరము దానికి బానిసయగును. అట్టివానిని ఇంటిలో వేసి గొళ్లెము పెట్టి ఒక్కసారిగా మాన్పించిన, రెండు మూడు దినములలో వణుకు, ఫిట్సు, మతిభ్రమణము వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. గనుక ప్రార్థన చేయుటతోపాటు ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపొండి. ఇచ్చట ఎర్రగడ్డ ఆసుపత్రిలో అట్టివారికి చికిత్స చేయుదురు. మందు కలిపిన కల్లు మానివేసి పిచ్చిపట్టినట్లు ప్రవర్తించువారు కూడ అక్కడికే వచ్చుచున్నారు. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత అతని ప్రక్కన కూర్చుండు మనిషి కావలెను. అది సంఘము పని.

1980లో రియో పట్టణపు పండుగ ఊరేగింపులో గారించాను ఒక అలంకరించిన బండిమీద కూర్చుండబెట్టిరి. అతనిని గౌరవించుటకే అట్లు చేసిరి. కాని అతడు జబ్బునుండి లేచినవాడు, మందులవలన మత్తులో నుండెను. ముఖము ఉబ్బి, చూపు ఎక్కడనో పెట్టుకొని, చేయి ఎత్తుటకే కష్టపడుచుండెను. చుట్టును బాజాలు, నాట్యము. లక్షలమంది ఆ దృశ్యము చూచిరి. ఫిలిష్తీయులు తమ పండుగ దినమున సంసోనును చెరసాలనుండి రప్పించిన సంగతి మీకు తట్టియుండును. నాకు మాత్రము అంతకంటె ఆదికాండము 9వ అధ్యాయము తోచుచున్నది. నోవహు త్రాగి గుడారములో బట్టలు లేక పడియుండగా, ఒక కొడుకు చూచి బయటికి వచ్చి చెప్పెను. ఇద్దరు కొడుకులు వస్త్రము భుజములమీద వేసికొని, వెనుకకు నడిచి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని తండ్రిని కప్పిరి. నోవహు నీతిమంతుడని పేరు పొందినవాడు, జలప్రళయము దాటినవాడు. అయినను ద్రాక్షతోట ఒకటి అతనిని పడవేసెను. పడినవానిని చూచుటకు రెండు మార్గములున్నవి. త్రాగి దారిలో పడియున్నవాని ఫోటో తీసి నలుగురికి పంపు ఈ దినములలో ఆ ఇద్దరు కుమారుల నడకను మన యువజనులకు నేర్పవలసియున్నది.

1983 జనవరి 20న, రియోలోని ఆసుపత్రిలో, కాలేయము చెడి, మత్తు విడువకయే గారించా మరణించెను. వయస్సు 49. శరీరమును మరకానా మైదానమునకు తెచ్చి, బొటాఫొగో జెండా కప్పి, తరువాత అగ్నిమాపక బండిమీద పావు గ్రాండెకు తీసికొనిపోయిరి. దారిపొడుగునను, వంతెనలమీదను జనులు నిండియుండిరి. ఆ ప్రాంతమునందే ఒక చిన్న శ్మశానములో పాతిపెట్టిరి. జనులకు ఆనందము కలిగించినవాడను మాట అతని పేరుతో నేటికిని వాడుదురు. రాజధాని బ్రెసీలియాలోని గొప్ప స్టేడియమునకు అతని పేరే యున్నది. 2017లో సమాధిని బాగుచేయవలెనని తలపెట్టినప్పుడు, ఎముకలు ఎక్కడనున్నవో శ్మశానమువారు చెప్పలేకపోయిరి. ఎప్పుడో త్రవ్వి మరియొక చోట ఉంచిరట, వ్రాతమూలకమైన లెక్క ఏదియు దొరకలేదు.

ఎల్జా కుమారుడు 1986లో కారు ప్రమాదములో చనిపోయెను. ఆమె ఆ దుఃఖమును దాటి, ముసలితనములో కూడ వేదికమీద కుర్చీలో కూర్చుండి పాడెను, భార్యలను కొట్టు పురుషులకు విరోధముగా పాడెను. 2022 జనవరి 20న, 91 ఏండ్ల వయస్సున, తన యింటనే కన్నుమూసెను. గారించా చనిపోయి ఆ నాటికి సరిగా 39 సంవత్సరములు.